కామన్ బాత్రూమ్

మా మేనకోడలికి ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్‌లో సీటు వచ్చింది. హైస్కూల్లో పైవరసలో నిలిచిన పిల్లలకు ప్రభుత్వ యూనివర్సిటీలు సీటు ఇచ్చి తీరాలని టెక్సస్ 1997లో చట్టం చేసింది. అప్పుడు తరగతిలో మొదటి పది శాతం. ఎగబడేవాళ్లు ఎక్కువై, ఈ యూనివర్సిటీ మటుకు ఇప్పుడు ఐదు శాతానికి దిగింది. అంత వడపోతలో నిలిచిన పిల్ల గురించి మా తమ్ముడికి ఒకటే బెంగ: గదిలోనే బాత్రూమ్ ఉంటుందా, ఉండదా?

"అక్కా, హాస్టల్లో ఉండి చదివినదానివి, నువ్వొచ్చి చూసి చెప్పు" అన్నాడు. నేనున్నది విశాఖలో ఒక లేడీస్ హాస్టల్లో, తెల్లవారుజామునే లేచి బకెట్ వరసలో పెట్టి మళ్లీ పడుకునే కాలంలో. ఆ అర్హతతో అమెరికా డార్మ్ మీద తీర్పు చెప్పడానికి కారెక్కాను. మరదలు ఇంకో మెట్టు వెనక్కి వెళ్లి, అసలు డార్మ్ ఎందుకంటుంది. రౌండ్ రాక్‌లో వాళ్లింటి నుంచి క్యాంపస్ ముప్పై కిలోమీటర్లు. నిజమే, కానీ మధ్యలో ఉన్నది ఐ-35 హైవే. పొద్దునపూట ఆ రోడ్డు మీద ట్రాఫిక్‌లో కూర్చున్నాక మరదలే ఆ వాదన విరమించుకుంది.

క్యాంపస్ చూపించే కుర్రాడు వెనక్కి నడుస్తూ, నవ్వుతూ, టవర్ గురించీ లైబ్రరీ గురించీ ఫుట్‌బాల్ గురించీ చెప్పుకుపోయాడు. నాకవేవీ పట్టలేదు. జెస్టర్ దగ్గర ఆగాం.

జెస్టర్ అంటే పదవిలో ఉండగానే 1949లో పోయిన గవర్నర్ బ్యూఫోర్డ్ జెస్టర్. ఆయన పేరు పెట్టిన ఈ డార్మ్‌ని 1969లో తెరిచినప్పుడు ఉత్తర అమెరికా మొత్తంలో ఇంత పెద్దది లేదట. పడమటి వైపు పద్నాలుగు అంతస్తులు, తూర్పు వైపు పది, లోపల దాదాపు మూడు వేల మంది. అందం మాట ఎత్తకూడదు. గదులు ఎక్కువగా ఇద్దరిద్దరికి, బాత్రూములు ఎక్కువగా కారిడార్‌లో అందరికీ కలిపి. తమ్ముడు ఆ బాత్రూమ్ గుమ్మంలో నిలబడి, లోపలికి అడుగు పెట్టకుండానే షవర్లు లెక్కపెట్టాడు.

నేను నమూనా గదిలో ఉండిపోయాను, అక్కడొక మనిషి మంచం ఎత్తు పెంచుతున్నాడు కాబట్టి. అరవైకి దగ్గర్లో ఉంటాడు, నడుముకి తాళాల గుత్తి, మాటలో స్పానిష్ యాస. మంచం రెండు కొసల చట్రాలకీ నిలువునా గాట్లున్నాయి. పరుపును మోసే ఇనుప చట్రం కొక్కేలు ఆ గాట్లలో కూర్చుంటాయి. ముందు పరుపు లేపి గోడకి చేరవేశాడు. వంగి, చట్రం కింద నుంచి పైకి రబ్బరు సుత్తితో ఒక్క దెబ్బ, కొక్కెం ఊడింది. ఆ మూల బరువుని మోకాలి మీదికి తీసుకుని, గాట్లు ఎన్నున్నాయో బొటనవేలితో తడుముతూ పైకి పోయాడు. కళ్లు అటు లేవు, నాతో మాట్లాడుతున్నాడు. కావలసిన గాటు దగ్గర వేలు ఆగింది, కొక్కెం తగిలించాడు, అరచేత్తో అదిమాడు. నాలుగు మూలలూ అయ్యాక రెండు చేతులా పట్టుకుని మంచాన్ని ఊపి చూశాడు. కిర్రుమన్న మూలకి మరో దెబ్బ పడింది.

ఆగస్టులో పిల్లలు దిగేటప్పుడు అందరూ మంచం పైకి పెట్టమంటారట, కింద ఫ్రిజ్ పడుతుందని, సూట్‌కేసులు తోసెయ్యొచ్చని. అక్టోబర్ వచ్చేసరికి మళ్లీ కిందికి దించమని వాళ్లే అడుగుతారట. "ఎత్తు కావాలనేది అమ్మానాన్నలు. ఎక్కి పడుకోవాల్సింది పిల్లలు" అన్నాడు.

బాత్రూమ్ సంగతి అడిగాను. సొంత బాత్రూమ్ ఉన్న గదులకి రిపేరుకి వెళ్తే తలుపు కొట్టీ కొట్టీ విసుగొస్తుందట, లోపల మనిషి ఉన్నా లేచి రారట. కారిడార్ బాత్రూమ్ ఉన్న అంతస్తుల్లో ఆ తలనొప్పి లేదట, తలుపులకి ఏదో ఒకటి అడ్డం పెట్టి తీసే ఉంచుతారట. ఇంకో మాట కూడా చెప్పాడు. కామన్ బాత్రూమ్ కడిగేది యూనివర్సిటీ మనుషులు. గదిలో ఉన్న బాత్రూమ్ గదిలో ఉన్నవాళ్లే కడుక్కోవాలి. ఈ ముక్క మరదలికి చెప్తే, అంతవరకు ప్రైవేట్ బాత్రూమ్ వైపున్న ఆవిడ ఒక్క క్షణం కూతురి వైపు చూసి ఊరుకుంది.

కింద ఇంకో తెలుగు కుటుంబం తగిలింది. ముందు ఊరు, తర్వాత ఇంటిపేరు, తర్వాత మా తమ్ముడి కంపెనీ. ఇవన్నీ సరిపడ్డాక ఆయన గొంతు తగ్గించి, "పిల్లలిద్దర్నీ రూమ్మేట్లుగా కలిపేద్దామండీ, తెలియనివాళ్లతో ఎందుకు?" అన్నాడు. ఇంటిపేరు సరిపడకపోతే ఆ సలహా వచ్చేదా? నేనేమీ అనలేదుగానీ ఒళ్లు మండింది. హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ 1918లో మొదలైంది. కులానికో హాస్టల్ పెట్టుకున్న కాలంలో దానికి కారణాలున్నాయి. పల్లెల నుంచి పట్నం వచ్చిన పిల్లలకు తిండీ నీడా ఇంకెవరు పెట్టారు? ఆ కారణాలేవీ లేని చోటికి కూడా ఆ అలవాటు మాత్రం వీసా తీసుకుని వచ్చేసింది.

క్యాంపస్‌కి పడమరన ఉన్న పేటని వెస్ట్ క్యాంపస్ అంటారు. యూనివర్సిటీలో యాభై వేల పైచిలుకు విద్యార్థులు, సొంత డార్ముల్లో పడకలు అందులో ఐదో వంతుకి కూడా రావు. మిగతావాళ్లలో చాలామందిని మింగేది ఈ పేటే. 2004లో నగరం ఇక్కడ ఎత్తైన భవనాలు కట్టుకోవచ్చని నిబంధనలు సడలించాక పాత ఇళ్లు పోయి టవర్లు లేచాయి. ఒకదానిలోకి తమ్ముడు మమ్మల్ని ఆశగా తీసుకెళ్లాడు. చల్లటి నీళ్ల సీసాలు, పైన ఈతకొలను, నాలుగు పడకగదుల ఫ్లాటు. ప్రతి గదికీ తాళం, ప్రతి గదికీ బాత్రూమ్. ఫ్లాటు అద్దెకిచ్చే అమ్మాయి ప్రైవసీ, ప్రైవసీ అని జపిస్తోంది.

రెండు గదులకి కిటికీ లేదు.

తలుపు పైన గరుకుటద్దం పట్టీ ఒకటి ఉంది, హాల్లోంచి పడే వెలుతురు అదే. నేను తలుపు మూసి లైటు ఆర్పాను. మిట్టమధ్యాహ్నం, టెక్సస్ ఎండ, నా చెయ్యి నాకు సరిగా కనపడలేదు. "అత్తా, లైటెయ్యి" అంది మా పిల్ల. కిటికీ ఉన్న గదికంటే ఇది చవకట. అద్దె ఒప్పందం పన్నెండు నెలలకి. పిల్ల ఎండాకాలమంతా ఇంటి దగ్గరున్నా చీకటి గదికి డబ్బు కడుతూనే ఉండాలి.

ఇది దొంగచాటుగా కట్టింది కాదు. భవనం అంతటా స్ప్రింక్లర్లుంటే నిప్పంటుకున్నప్పుడు తప్పించుకునే కిటికీ పడకగదికి అక్కర్లేదని, వెలుతురుకి దీపం, గాలికి యంత్రం చాలని అప్పటి బిల్డింగ్ కోడ్ ఒప్పుకుంది. లోతైన భవనంలో కిటికీ అక్కర్లేదంటే ఒక్కో అంతస్తులో ఇంకొన్ని గదులు ఇరికించొచ్చు. ఈ లెక్కని చివరంటా తీసుకెళ్లినవాడు వారెన్ బఫెట్ జతగాడు చార్లీ మంగర్. కాలిఫోర్నియాలోని శాంటా బార్బరా క్యాంపస్‌లో నాలుగున్నర వేల మందికి పదకొండంతస్తుల డార్మ్, గదులు దాదాపు అన్నీ కిటికీ లేనివి, డబ్బిస్తా, నేను గీసినట్టే కట్టాలి అన్నాడు. అది చూసి యూనివర్సిటీ డిజైన్ కమిటీలోని ఆర్కిటెక్ట్ డెన్నిస్ మెక్‌ఫాడెన్ 2021లో రాజీనామా చేశాడు. 2023లో ఆ ప్రణాళికే అటకెక్కింది. ఆస్టిన్‌లో ఈ యూనివర్సిటీ ఆర్కిటెక్చర్ ప్రొఫెసర్ హువాన్ మిరో లాంటివాళ్లు పోరు పెట్టగా, 2024లో నగరపాలక మండలి కొత్త భవనాల్లో కిటికీ లేని పడకగదులు వద్దంది. కట్టేసినవి కట్టేసినట్టే ఉన్నాయి, అద్దెకి పోతూనే ఉన్నాయి.

నా విసుగంతా ఇక్కడ. జెస్టర్లో పక్కగది అమ్మాయితో షవర్ పంచుకోవడానికి వెనకాడిన మనిషి, ఈ చీకటి పెట్టెలో తాళంచెవి తిప్పి చూసి "సెక్యూరిటీ బావుంది" అన్నాడు. ఎదుటి మనిషి తగలకుండా ఉండటానికి ఎంతైనా కట్టడానికి సిద్ధం, చివరికి వెలుతురు కూడా వదులుకుని.

స్నేహం పుట్టేది అలా తగలడంలోంచే. ఎంఐటీలో పెళ్లయిన విద్యార్థుల క్వార్టర్లు వెస్ట్‌గేట్ మీద మనస్తత్వవేత్త లియాన్ ఫెస్టింగర్, ఇంకో ఇద్దరు కలిసి చేసిన అధ్యయనం 1950లో అచ్చయింది. ఎవరికెవరు స్నేహితులయ్యారో అడిగితే, అన్నిటికంటే గట్టిగా తేలింది తలుపుకీ తలుపుకీ మధ్య దూరమే. మెట్ల పక్కన కాపురమున్నవాళ్లకి పై అంతస్తులోనూ స్నేహితులున్నారు. అంటే స్నేహాన్ని సగం కట్టేది తాపీమేస్త్రి. ఇప్పుడు ఆ పని ఫోన్ తీసుకుంది. ఆగస్టు రాకముందే ఇన్‌స్టాగ్రామ్‌లో ఒకరినొకరు వెతుక్కుని, తమలాంటి ఇంట్లో పుట్టి, తమలాంటి పాటలు వినేవాళ్లనే పట్టుకుంటున్నారు. దీన్ని చూసే డ్యూక్ యూనివర్సిటీ 2018లో మొదటి ఏడాది పిల్లలు రూమ్మేట్‌ని ఎంచుకునే వీలు తీసేసింది.

తెలియనివాళ్లతో కలిసి ఉండటం మాత్రం ఈ క్యాంపస్‌లో ఊరికే వచ్చిన వరం కాదు. నల్లజాతి విద్యార్థులకు డిగ్రీలో ప్రవేశం 1956లో ఇచ్చారు, తెల్లవాళ్ల డార్ముల్లో చోటు ఇవ్వలేదు. 1961లో కిన్‌సాల్వింగ్ అనే ఆడపిల్లల డార్మ్‌లో వాళ్లు బైఠాయించారు. తలుపులు తెరుచుకున్నది 1964లో. అంతవరకు నల్లజాతి అమ్మాయిల వేరే వసతిని తల్లిలా చూసుకున్న ఆల్మెట్రిస్ డ్యూరెన్ పేరిట 2007లో ఒక డార్మ్ కట్టారు. ఆమె పేరు కనపడుతున్న ఆ రోజుల్లోనే, వాగు పక్కనున్న ఇంకో డార్మ్‌కి సిమ్‌కిన్స్ పేరుండేది. ఆయన ఇక్కడి లా ప్రొఫెసర్, అంతకుముందు ఫ్లోరిడాలో నల్లజాతివాళ్ల మీద దాడులు చేసిన కూ క్లక్స్ క్లాన్ ముఠాని నిలబెట్టినవాళ్లలో ఒకడు. ఆ పేరు 2010లోగానీ పోలేదు, అప్పుడది క్రీక్‌సైడ్ అయింది. ఎవరి పక్కన ఎవరుండాలో పెద్దలు నిర్ణయిస్తే ఏమవుతుందో ఈ గోడలకి తెలుసు. ఇంటిపేరు అడిగి రూమ్మేట్‌ని కుదర్చబోయిన పెద్దమనిషికి ఇదంతా చెప్పాలనిపించింది. అప్పటికే ఆయన పార్కింగ్ టికెట్ గడువు దాటుతోందని పరిగెత్తాడు.

ఇంటికొచ్చాక భోజనాల దగ్గర వాదన సాగింది. తమ్ముడు టవర్ అన్నాడు, కిటికీ ఉన్న గదే తీసుకుందాం, డబ్బు ఎక్కువైనా సరే అని బేరం దించాడు. మరదలు మంచం ఎత్తు గురించి అడిగింది. నేను జెస్టర్ అన్నాను. ఆ తెలుగువాళ్ల అమ్మాయి సంగతి మళ్లీ వచ్చింది. మా పిల్ల కంచంలోంచి తలెత్తి, "మంచి అమ్మాయే నాన్నా. కానీ చిన్నప్పటి నుంచి ప్రతి దసరాకీ తనని చూస్తూనే ఉన్నా కదా" అంది. లాప్‌టాప్ తెచ్చి ఫారంలో జెస్టర్, ఇద్దరి గది, కారిడార్ బాత్రూమ్ అని పెట్టింది. రూమ్మేట్ పేరు రాయాల్సిన చోటు ఖాళీగా వదిలేసి పంపించేసింది.

తమ్ముడు ఇంకేమీ అనలేదు. పడుకునే ముందు నీళ్లకోసం కిందికి వస్తే సోఫాలో కూర్చుని, షవర్‌లో వేసుకునే చెప్పులకి అమెజాన్‌లో జనం ఏం రాశారో చదువుతున్నాడు. "అక్కా, మీ హాస్టల్లో జారే నేలకి మీరేం వేసుకునేవాళ్లు?" అని అడిగాడు.

"పారగాన్" అన్నాను.