నారు, నీరు

“నారు పోసినవాడు నీరు పోయడా” అన్నది తెలుగువారి సామెత. మన తవక్కుల్ కూడ ఇంచుమించు ఇదే. అయితే సామెతలో నీరు పోయుటయే ఉన్నది, ఆపుట లేదు. రాజుపాలెంలోని మా ఇంట ఏటా శ్రావణమాసంలో మిరప నారు పెంచుతూ మేము గమనించినదేమనగా, మొలక దప్పికతో కంటె తడి మించి చచ్చుటే ఎక్కువ.

ఆరుబయట వానధాటికి మొలక నిలువదు గనుక వసారాలో, కిటికీ ప్రక్కన, అడుగున చిల్లులు పొడిచిన డబ్బాలలో విత్తుతాము. నల్లరేగడి ఒక్కటే అయితే నీటిని వదలదు. ఇసుక, చివికిన పశువుల ఎరువు కలపాలి. ఎనిమిది, పది దినాలకు మొలక వస్తుంది. అసలు పరీక్ష ఆపైననే. మొలకలు ఒత్తుగా ఉండి, గాలి ఆడక, మన్ను ఎల్లప్పుడు తడిగా ఉంటే పిథియం అనే శిలీంధ్రం వంటి సూక్ష్మజీవి విజృంభిస్తుంది. కాండం మన్ను తాకేచోట మెత్తబడి, సాయంత్రం నిటారుగా ఉన్న నారు తెల్లవారేసరికి గుంపులుగా ఒరిగిపోతుంది. రైతులు నారుకుళ్ళు అనేది దీనినే. లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మన్ను తడుపుతారు; అది మిగిలినవాటికే రక్ష, ఒరిగినది మరల లేవదు. సంకర విత్తనాన్ని 10 గ్రాముల పొట్లాలలో కొనే కౌలురైతుకు ఆ ఒక్క రాత్రి ఎంత బరువో మన విద్యార్థులలో పలువురు ఎరుగుదురు.

అందుచేత ఫజర్ నమాజు పిదప వ్రేలితో మన్ను తాకి చూస్తాము. పైపొర ఆరితేనే డబ్బాను నీళ్ళ పళ్ళెంలో కొంతసేపు నిలిపి తీసివేస్తాము. సాయంత్రం పోయము. ప్రవాహం ఒడ్డున కూర్చున్నా వజూకు నీరు వృథా చేయరాదని పెద్దలు నేర్పలేదా!

మా నానీమాకు మాత్రం ఇది గిట్టదు. “పసివాటిని దప్పికతో మాడుస్తావేం బేటా” అంటూ, మేము కళాశాలకు బయలుదేరగానే చెంబెడు నీళ్ళు పోస్తారు. వాదించి లాభం లేదు. 1967లో సాగర్ కుడికాలువకు నీరు వదలకముందు, పల్నాట వానకై ఆకాశం చూచిన తరం వారిది. దప్పిక అంటే ఏమిటో వారికి తెలిసినంత మాకు తెలియదు. ఆ చేతిని నొప్పించకుండా ఆపుట నారును కాపాడుటకంటె కష్టం. ఉర్దూలో నారును పౌద్ అంటారు. క్రొత్త తరాన్ని నయీ పౌద్ అనడం ఆ భాషలోని సొగసు. ఆమె దృష్టిలో మేమూ, మొలకలూ ఒకటే కాబోలు.

ఆరు వారాలకు నారు నాటుటకు వస్తుంది. అంతకు వారం ముందునుండి తడి ఇంకా తగ్గిస్తే కాండం గట్టిపడుతుంది. పీకేనాడు మాత్రం నిండుగా తడపాలి, లేకున్న వేళ్ళు తెగుతాయి. ఆనాడు చెంబు నానీమా చేతికే ఇస్తాము.