పరాయి ఇంటి బల్ల దగ్గర

విజయవాడలో బెంజి సర్కిల్ దాటి బందరు రోడ్డు పట్టుకుంటే మచిలీపట్నం సుమారు 70 కిలోమీటర్లు. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు మీదుగా దారి. 2025 సంక్రాంతి సెలవుల్లో మేము ఆ దారిన వెళ్లాము. కోత అయిపోయిన వరి మళ్లలో మినుము పచ్చగా లేచి ఉన్నది. మాతోపాటు మా సంఘంలోని ఒక రైతు సోదరుడు, ఆయన కుమార్తె ఉన్నారు. ఆ అమ్మాయి హైదరాబాదులోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో స్పానిష్ భాష చదువుతున్నది. 2024 వేసవిలో ఆరు వారాలు స్పెయిన్ దేశంలోని వలెన్సియా పట్టణంలో ఒక కుటుంబంతో ఉండి, ఆ భాష నేర్చుకొని వచ్చింది.

నిజం చెప్పాలంటే ఆ ప్రయాణం ఆగిపోవలసినదే. ఆపబోయిన వారిలో మేమూ ఒకరము. ఉత్తరం వచ్చిన రాత్రి తండ్రి మా ఇంటికి వచ్చి, "ఎవరి ఇల్లో, ఎలాంటి మనుషులో తెలియదు. ఆడపిల్లను ఎలా పంపేది అయ్యగారూ?" అన్నారు. "ఇంకొకసారి ఆలోచించుకోండి" అన్నాము. ప్రార్థన చేసి చెప్పిన మాట కాదది, భయపడి చెప్పిన మాట. చివరకు ఆ పిల్ల తల్లే తేల్చింది. "రేపు పెళ్లి చేసి ముక్కూ మొహం తెలియని ఇంటికి పంపమా? అప్పుడు లేని భయం ఇప్పుడెందుకు?" అన్నది. మాకు జవాబు దొరకలేదు.

కాలువ గట్టు వెంట బండి పోతుంటే అమ్మాయి తన సంగతులు చెప్పసాగింది. ఆమె ఉన్నది పిల్లలు పెళ్లిళ్లు చేసుకొని వెళ్లిపోయిన ఒక పెద్దావిడ ఇంట్లో. మధ్యాహ్న భోజనం రెండు దాటాక, రాత్రి భోజనం తొమ్మిదింటి తరువాత. మొదటి వారం ఆకలికి, బెంగకు ఏడ్చిందట. తరగతిలో వ్యాకరణం బాగానే వచ్చేది గాని, బల్ల దగ్గర ఉప్పు అడగడానికి నోరు రాలేదు. ఒకరోజు ఎండలో నడిచి వచ్చి "అలసిపోయాను" అనబోయి "నాకు పెళ్లయింది" అన్నది. స్పానిష్‌లో అలసిన స్త్రీ 'కన్సాదా', పెళ్లయిన స్త్రీ 'కసాదా'. మధ్యలో ఒక్క అక్షరం తేడా. ఆవిడ నివ్వెరపోయి, తరువాత కడుపు పట్టుకొని నవ్విందట. "ఆ నవ్వుతోనే నా సిగ్గు పోయింది అయ్యగారూ. ఆ రోజునుంచే మాట వచ్చింది" అన్నది.

వలెన్సియాకు దక్షిణాన ఆల్బుఫేరా అనే పెద్ద సరస్సు ఉన్నది. దాని చుట్టూ వరి పొలాలు. ఆవిడ వాటిని చూపిస్తే మా అమ్మాయికి కన్నీళ్లు ఆగలేదు. ఆదివారం మధ్యాహ్నం వెడల్పాటి పెనంలో అన్నం వండేవారట. ఈమె కూడా ఒకరోజు పప్పు వండి పెట్టింది.

తండ్రికి అన్నిటికంటె నచ్చింది నీటి పంచాయతీ కబురు. వలెన్సియాలో ప్రతి గురువారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు పెద్ద దేవాలయపు ద్వారం ముందు రైతు ప్రతినిధులు కూర్చొని కాలువ నీటి తగాదాలు తీరుస్తారు. విచారణ అంతా నోటి మాట మీదే. వందల ఏండ్లనాటి ఈ పద్ధతిని 2009లో యునెస్కో మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. "శివారు భూములకు నీళ్లు అందుతాయా అక్కడ?" అని ఆయన వెంటనే అడిగారు. మేమంతా నవ్వాము. అమ్మాయికి మాత్రం ఆ పంచాయతీలో ఒక్క ముక్క అర్థం కాలేదట. అక్కడ మాట్లాడేది స్పానిష్ కాదు, ఆ ప్రాంతపు వలెన్సియన్ భాష. పక్కన నిలబడి ఆ పెద్దావిడే చెవిలో చెప్పింది.

బందరు చేరి నోబుల్ కళాశాల ముందు దిగాము. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అనే ఇద్దరు మిషనరీలు ఈ పట్టణానికి వచ్చారు. ఒకరు కేంబ్రిడ్జిలో, ఒకరు ఆక్స్‌ఫర్డులో చదివినవారు. నోబుల్ గారు బడి తెరచినది 1843లో. ఆ మధ్య కాలమంతా వారి ముఖ్యమైన పని తెలుగు నేర్చుకోవడమే. అంత చదివినవారు ఇక్కడ "ఇది ఏమిటి, అది ఏమిటి" అని అడిగే పసిపిల్లలైనారు. ఫాక్స్ గారు 1848లో చిన్న వయసులోనే మరణించారు. నోబుల్ గారు మరల స్వదేశం చూడకుండానే 1865లో బందరులో కన్నుమూశారు. వారు మనకు బోధించారని చెప్పుకుంటాము. అంతకంటె ముందు మన వారు వారికి మాటలు నేర్పారు. ఆ నేర్పిన వారి పేర్లు మాత్రం మనము చెప్పుకోము.

తిరుగు దారిలో ఒక ఇటుక బట్టీ దగ్గర అమ్మాయి బండి ఆపమన్నది. అక్కడ పని చేసేవారు ఒడిశా నుండి వచ్చిన కుటుంబాలు. నాలుగేండ్లుగా మేము ఆ బట్టీ మీదుగా వారానికి రెండుసార్లు పోతున్నాము, ఒక్కసారీ దిగలేదు. అమ్మాయి ఒక తల్లి దగ్గర కూర్చొని, నీళ్ల బిందె చూపి, దీనిని ఏమంటారని సైగ చేసింది. "పాణి" అన్నది ఆమె. మా అమ్మాయి పలికింది. ఆమె నవ్వి మరల సరిగా పలికి చూపించింది. మూడోసారికి కుదిరింది. పక్కనున్న పిల్లలు మా చుట్టూ చేరారు.

ఐగుప్తులో మీరు పరదేశులై యుండిరని ఇశ్రాయేలీయులకు దేవుడు పదే పదే ఎందుకు జ్ఞాపకం చేశాడో మేము ఎన్నోసార్లు ప్రసంగించాము. ఆ సాయంత్రం బట్టీ దుమ్ములో నిలబడినప్పుడు అది మాకే చెప్పిన మాట అనిపించింది. మన బిడ్డను ఒక పరాయి తల్లి తన బల్ల దగ్గర కూర్చోబెట్టుకున్నది. మన పొలిమేరలో ఉన్నవారికి మనము మంచినీళ్లయినా వారి మాటలో ఇవ్వలేకపోయాము.

మరుసటి ఆదివారం సాయంత్రం సంఘపు స్త్రీలు కొందరు అన్నం, పప్పు వండుకొని మాతో వచ్చారు. ఆ తరువాత కూడా వెళ్తూ ఉన్నాము. వానలు మొదలై ఆ కుటుంబాలు తమ ఊళ్లకు బయలుదేరే నాటికి మాకు వచ్చినవి పదిహేను ఒడియా మాటలు. వాటిలో సగం తప్పుగానే పలికేవాళ్లము. వారు నవ్వి దిద్దేవారు.