మూసీ గట్టున ఎర్ర అక్షరాలు

హైదరాబాదు వాసులు మూసీని వంతెన మీద నుంచే చూస్తారు, అదీ ముక్కుకు రుమాలు అడ్డుపెట్టుకొని. గట్టు దిగి, ఆ నది పక్కన కాపురాలు చేస్తున్న వారి గుమ్మాల నుంచి చూస్తే అదే నది మరోలా కనిపిస్తుంది. లంగర్ హౌజ్ మొదలు చైతన్యపురి దాకా, వీలైనంత వరకు గట్టు వెంబడే మేము చేసిన ప్రయాణంలో ఎదురైన విషయాలను పాఠకుల ముందు ఉంచుతున్నాము.

లంగర్ హౌజ్ సమీపంలోని బాపూఘాట్ వద్ద ఈసీ నది వచ్చి మూసీలో కలుస్తుంది. 1948లో గాంధీజీ చితాభస్మాన్ని నిమజ్జనం చేసిన స్థలమిది. ఎగువన మూసీపై ఉస్మాన్ సాగర్, ఈసీపై హిమాయత్ సాగర్ ఉన్నాయి. ఆ జలాశయాల వెనుక ఒక మహావిషాదం ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ ఉప్పొంగి నగరాన్ని ముంచెత్తింది. దాదాపు 15,000 మంది మరణించారని అంచనా. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారన్న కథను పాతనగరంలో ఇప్పటికీ తలచుకుంటారు. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సూచనల మేరకు 1920లో ఒక జలాశయం, 1927లో మరొకటి పూర్తయ్యాయి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ, అంటే పెద్దలు ‘ఆరాయిష్-ఎ-బల్దా’ అని పిలిచే సంస్థ, నదికి ఇరువైపులా కరకట్టలు కట్టి ఉద్యానవనాలు వేసింది. ఇరుకు వాడలను తొలగించింది, పేదల కోసం ఇళ్లూ కట్టించింది. నదిని బాగుచేయడం ఈ నగరానికి కొత్త ఆలోచన కాదని చెప్పడానికే ఇదంతా గుర్తు చేస్తున్నాము.

పురానాపూల్ 1578 నాటిది, అంటే చార్మినారు కన్నా పాతది. దాని మీద ఇప్పుడు వాహనాలు తిరగవు, కూరగాయల గంపలు కొలువుదీరి ఉంటాయి. అక్కడి నుంచి హైకోర్టును ఒక వైపు, ఉస్మానియా ఆసుపత్రిని మరొక వైపు ఉంచుకొని దిగువకు నడిస్తే ఇమ్లీబన్ వస్తుంది. మహాత్మాగాంధీ బస్ స్టేషన్ నదీపాయల నడుమ ఉంది. మెట్రో స్తంభాలూ నదిని దాటుకుంటూ పోతాయి. నదీగర్భంలో ఎవరు ఉండవచ్చు, ఎవరు ఉండరాదు అన్న ప్రశ్న మా మనసులో మొదట తలెత్తింది ఇక్కడే.

చాదర్‌ఘాట్ వంతెన దిగితే మూసా నగర్, శంకర్ నగర్. రెండు మనుషులు ఎదురైతే ఒకరు పక్కకు ఒదగాల్సినంత సన్నని గల్లీలు. రేకుల కప్పులు, వాటి మధ్య ఒక్కో అంతస్తు పెంచుకున్న స్లాబు ఇళ్లు, గోడకు వేలాడే నీళ్ల డబ్బాలు. 2024 సెప్టెంబరు చివరి రోజుల్లో అధికారులు సర్వేకు వచ్చి ఇలాంటి ఇళ్ల గోడలపై ఎర్ర రంగుతో ‘ఆర్‌బీ-ఎక్స్’ అని రాశారు. ఆర్‌బీ అంటే రివర్ బెడ్, నదీగర్భం. మూసీ సుందరీకరణ పథకంలో నదీగర్భంలోనూ దాని అంచునా ఉన్న ఇళ్లను తొలగించాలన్నది నిర్ణయం. అక్టోబరు ఆరంభంలోనే ఇక్కడ కూల్చివేతలు మొదలయ్యాయి. కొన్ని కుటుంబాలకు మలక్‌పేటలోని పిల్లిగుడిసెల వద్ద డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు ఇచ్చారు. ఆ ఇళ్లు దగ్గరే కాబట్టి వెళ్లినవారిలో ఊరట పొందినవారూ ఉన్నారు, ఆ మాట దాచనవసరం లేదు.

వెళ్లనన్నవారి మాటలను కూడా ఓపికగా వినాలి. ఒకే కప్పు కింద తల్లిదండ్రులు, పెళ్లైన ఇద్దరు కొడుకులు, వారి పిల్లలు మూడు పొయ్యిలు పెట్టుకొని ఉంటారు. సర్వే కాగితంలో అది ఒక్క ఇల్లు. ఒక్క ఇంటికి ఒక్క ఫ్లాటు ఇస్తే మిగతా రెండు పొయ్యిలు ఎక్కడ వెలగాలి? ఆటో నడిపేవాడికి, బండి మీద పండ్లు అమ్ముకునేవాడికి, నాలుగిళ్లలో పాచిపని చేసే స్త్రీకి బజారు దగ్గర ఉండడమే ఆస్తి. వీరిని నగరం అంచులకు పంపితే సంపాదనలో కొంత బస్సు ఛార్జీలకే పోతుంది. బడి సంవత్సరం మధ్యలో పిల్లలను ఎక్కడ చేర్పించాలి? గల్లీ అంతా ఖాలాజాన్ అని పిలిచే ఒక వృద్ధురాలి బాధ మరోలా ఉంది. ఐదు పూటలా అజాన్ వినిపించే ఈ మస్జిద్, భర్తను ఖననం చేసిన ఖబరస్తాన్ నడిచి వెళ్లగల దూరంలో ఉన్నాయని, అక్కడి ఎనిమిదో అంతస్తులో తనను పలకరించేవారు ఎవరని ఆమె అడిగింది. ఆ గల్లీలో అరుగు లేదు, పార్కు లేదు. మస్జిద్ ముందరి నాలుగు గజాల జాగానే పిల్లలకు మైదానం, పెద్దలకు పంచాయతీ, పెళ్లిళ్లకు పందిరి. నది వెంట రాబోయే విహార స్థలాల బొమ్మల్లో ఇలాంటి జాగా మాకు కనిపించలేదు.

మురికి మాటకు వస్తే, మూసీని నల్లగా మార్చింది ఈ రేకుల ఇళ్లు కావు. మహానగరంలోని భవంతుల మురుగు, పరిశ్రమల వ్యర్థాలు కాలువల గుండా వచ్చి ఇందులో పడుతున్నాయి. శుద్ధి అక్కడ మొదలవ్వాలి.

ఈ గట్టు మీద నడుస్తుంటే హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ నాటి ఒక ఉదంతం గుర్తుకు వచ్చింది. మస్జిదె నబవీని విస్తరించడానికి హజ్రత్ అబ్బాస్ (రజి) ఇంటి స్థలం అవసరమైంది. ఆయన ఇవ్వడానికి ఒప్పుకోలేదు. ఖలీఫా బలవంతం చేయక, హజ్రత్ ఉబై బిన్ కఅబ్ (రజి)ను మధ్యవర్తిగా అంగీకరించారు. యజమాని సమ్మతి లేనిదే తీసుకోరాదని తీర్పు వచ్చింది, ఖలీఫా తలవంచారు. ఆ తర్వాత అబ్బాస్ (రజి) తామే ఆ స్థలాన్ని ఉచితంగా ఇచ్చారు. పని మస్జిద్‌ది, అడిగినవారు ఖలీఫా, అయినా ఇల్లు గలవాని మాటే మొదట విన్నారు.

మన చట్టంలోనూ అందుకు చోటు ఉంది. 2013 భూసేకరణ చట్టం సామాజిక ప్రభావ అంచనా జరపాలని, పరిహారం, పునరావాసం ఇచ్చిన తర్వాతే స్వాధీనం చేసుకోవాలని చెబుతుంది. ఇళ్ల కూల్చివేతకు ముందు కనీసం 15 రోజుల నోటీసు ఉండాలని 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు ఆదేశించింది. అయితే నదుల పరిధిలోని అనధికార కట్టడాలకు ఆ ఆదేశాలు వర్తించవని అదే తీర్పులో ఉంది. అందుకే ఇక్కడ కాగితం విలువ పెరిగింది. పట్టా, ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, పాత రేషన్ కార్డు, వీటన్నింటినీ ప్లాస్టిక్ సంచిలో చుట్టి బీరువాలో భద్రపరచుకుంటున్నారు. స్త్రీలే ఈ పని ఎక్కువ శ్రద్ధగా చేస్తున్నారు.

దిగువన చైతన్యపురి, కొత్తపేట వైపు దృశ్యం వేరు. అక్కడివి రిజిస్ట్రేషన్ అయిన స్థలాలు, బ్యాంకు రుణాలతో కట్టుకున్న ఇళ్లు. ఆ వాడల వారు హైకోర్టు ఇచ్చిన స్టే ఉత్తర్వులను ఫ్లెక్సీలుగా వేయించి ఇళ్ల ముందు కట్టారు. హిందువులు, ముస్లిములు అన్న తేడా లేకుండా ఎర్ర రంగు అందరి గోడల మీదా పడింది, రోడ్డు మీద కూర్చున్నవారూ కలిసే కూర్చున్నారు. కోర్టు మెట్లు ఎక్కగలిగిన వారి గుమ్మానికి ఫ్లెక్సీ ఉంది. మూసా నగర్‌లో అలాంటివి మాకు కనిపించలేదు.

2025 సెప్టెంబరు చివరిలో జంట జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు మూసీ మళ్లీ పొంగింది. ఇమ్లీబన్ బస్ స్టేషన్‌లోకి నీరు చేరి ప్రయాణికులను బయటకు తరలించవలసి వచ్చింది. మూసా నగర్‌లోకీ నీరు వచ్చింది. ప్రమాదం లేదని ఎవరూ అనడం లేదు. తరలింపుకు ఒప్పుకుంటామనే వారూ ఆ గల్లీలో చాలామందే ఉన్నారు. దగ్గర్లో ఇవ్వండి, కుటుంబానికి ఒకటి ఇవ్వండి, ముందు మమ్మల్ని అడగండి అన్నవే వారి మూడు షరతులు. నీరు తీసిన తర్వాత బస్ స్టేషన్‌ను కడిగి బస్సులు నడిపారు. మూసా నగర్ వారు సహాయ శిబిరాల నుంచి తిరిగి వచ్చి, పారలతో బురద ఎత్తి, తడిసిన పరుపులను వంతెన కటకటాల మీద ఆరవేసుకున్నారు.