మూత వదులుగా

ఊరి నుంచి సాగర్ రోడ్డు మీదుగా బస్సులో వచ్చే తాటికల్లు, చంపాపేట్ చేరేసరికి ప్లాస్టిక్ సీసాలో రాయిలా బిగుసుకుంటుంది. మూత తిప్పితే బుస్సుమని నురగ మోచేతి దాకా!

కల్లులో ఎవరూ ఈస్ట్ కలపరు. లొట్టిలో, గాలిలో ఉన్నదే చక్కెరని తిని గ్యాస్ వదులుతుంది. ఎండకు ఇంకా జోరు. లొట్టి లోపల సున్నం పూస్తే పులియదు, తియ్యటి నీరాగా దిగుతుంది. పులవడం మొదలయ్యాక ఫ్రిజ్‌లో పెట్టినా నెమ్మదిస్తుందే గానీ ఆగదు.

తాత సీసాని ముప్పావు వరకే నింపి, మూత వదులుగా పెట్టేవాడు. "ఊపిరాడనియ్ బిడ్డా" అనేవాడు.

అద్దెగదిలో కల్లు వాసనొస్తే ఓనరాంటీ ముందు అడిగేది కులమే. అందుకే మూత బిగించాలనిపిస్తుంది. బిగిస్తే సీసా పగులుతుంది.

సగం తిప్పి, కింద పళ్లెం పెట్టి, కిటికీ తెరుస్తాను. వాసన కిందింటి దాకా పోతే పోనీ. మా తాత తాళ్లెక్కినోడే.