జాదూగోడా నించి వచ్చిన సాక్షి

జంషెడ్‌పూర్‌లో పెరిగిన నాలాంటి తెలుగువాళ్ళకి జాదూగోడా అంటే ముందు గుర్తొచ్చేది రంకిణీ గుడి. ఆదివారం కద్మా నించి జీపు మాట్లాడుకుని, పులిహోర కట్టుకుని, అక్కడ కొబ్బరికాయ కొట్టి వచ్చేవాళ్ళం. పాతిక ముప్పై కిలోమీటర్లు ఉంటుంది. మన దేశంలో మొదటి యురేనియం గని కూడా అక్కడే ఉంది. 1960ల చివరి నించీ తవ్వుతున్నారు. మా ఇళ్ళల్లో అమ్మవారి మహిమల గురించి గంటలు గంటలు చెప్పుకునేవారు కానీ గని ఊసు ఎత్తేవారు కాదు.

ఆ ఊసు నేను మొదటిసారి గట్టిగా విన్నది బెర్లిన్‌లో. మెటలర్జీలో ఎమ్మెస్ చదవడానికి జర్మనీ వెళ్ళాను. ఆ రోజుల్లో అంతర్జాతీయ యురేనియం చలనచిత్రోత్సవం బెర్లిన్‌కి వచ్చింది. 2011లో బ్రెజిల్‌లోని రియో డి జనైరోలో మొదలైన ఈ ఉత్సవం తరవాత వేరే దేశాలకీ తిరిగింది. 2013లో ఇండియాకి కూడా వచ్చింది. కేన్స్‌లో లాగా ఎర్ర తివాచీలు, తారలు ఉండరు. గనులు, అణుబాంబులు, రియాక్టర్ల మీద తీసిన డాక్యుమెంటరీలు వేస్తారు, అయ్యాక చర్చ పెడతారు. పగలు క్లాసులు, సాయంత్రం సినిమా, రాత్రి రైల్లో బ్రెడ్డు ముక్క. నా పండగ రోజులు అలా గడిచాయి.

అక్కడ జంషెడ్‌పూర్ పేరు తెలిసినవాళ్ళు తక్కువ. జాదూగోడా మాత్రం చాలామందికి తెలుసు. కారణం శ్రీప్రకాశ్ 1999లో తీసిన 'బుద్ధా వీప్స్ ఇన్ జాదూగోడా'. గని చుట్టుపక్కల ఆదివాసీ పల్లెల మీద తీసిన సినిమా. టోక్యోలో ఎర్త్ విజన్ చిత్రోత్సవంలో పెద్ద బహుమతి వచ్చింది. వైకల్యంతో ఉన్న పిల్లల్ని అందులో చూసినవాళ్ళెవరూ మరిచిపోలేరు. నేనూ మరిచిపోలేదు.

ఒక సాయంత్రం చర్చలో మాది ఏ ఊరని అడిగితే చెప్పాను. వెంటనే ఒకావిడ మైకు నా చేతికిచ్చి, "మీరు కళ్ళారా చూసినవారు, మాకు చెప్పండి" అంది. హాలంతా నా వైపు తిరిగింది. నేను చెప్పింది ఇంతే: "ఆ దారిలో నడవలేని పిల్లల్ని చూశాను. జంషెడ్‌పూర్‌లోనూ చూశాను. శ్రీకాకుళం జిల్లాలో మా తాతగారి ఊళ్ళోనూ చూశాను. ఎక్కడ ఎక్కువో నేను లెక్కపెట్టలేదు." అందరూ మౌనంగా ఉండిపోయారు. వెనక వరస నించి ఒక కుర్రాడు, "గని యజమానులు కూడా సరిగ్గా ఇలాగే మాట్లాడతారు" అన్నాడు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. కానీ ఆలోచించండి. ఫలానా బాబా విభూతితో క్యాన్సర్ తగ్గిందని ఒక మనిషిని వేదిక ఎక్కిస్తే మనం ఏమడుగుతాం? విభూతి తీసుకున్నవాళ్ళు ఎంతమంది, తగ్గనివాళ్ళు ఎంతమంది, విభూతి తీసుకోకుండానే తగ్గినవాళ్ళు ఎంతమంది అని అడుగుతాం. బాబాని అడిగే ప్రశ్నని మనకి నచ్చిన ఉద్యమాన్ని అడగకూడదా? అధికారుల్నీ అదే అడగాలి. జాదూగోడాలో జబ్బులకి కారణం పోషకాహార లోపం, మురికి అని వాళ్ళు తేల్చేస్తుంటారు. మరి అదే పేదరికం ఉండి గని లేని పల్లెలతో పోల్చి చూశారా? ఆ లెక్కలు బయట పెట్టారా?

పోల్చే ప్రయత్నం ఒకటి 2007లో జరిగింది. ఇండియన్ డాక్టర్స్ ఫర్ పీస్ అండ్ డెవలప్‌మెంట్ అనే డాక్టర్ల సంస్థ గనికి దగ్గరి పల్లెల్లోనూ దూరపు పల్లెల్లోనూ ఇంటింటికీ తిరిగి అడిగింది. పుట్టుకతో వచ్చే వైకల్యాలు దగ్గరి పల్లెల్లోనే ఎక్కువని తేలింది. దీన్ని కొట్టిపారెయ్యలేం. అయితే అడిగి రాసుకున్న సమాధానాలకీ, ఒక్కొక్కరికీ ఎంత రేడియేషన్ తగిలిందో కొలిచిన లెక్కకీ తేడా ఉంది. హిరోషిమా, నాగసాకిలలో గర్భంలో ఉండగా రేడియేషన్ సోకిన పిల్లలకి మెదడు ఎదుగుదల దెబ్బతిన్నదన్నది రుజువైంది. బాంబు నించి బతికి బయటపడినవాళ్ళకి తరవాత పుట్టిన పిల్లల్లో మాత్రం, దశాబ్దాల పాటు వెతికినా, వంశపారంపర్య లోపాలు పెరిగినట్టు స్పష్టంగా కనపడలేదు. కాబట్టి ఏ రేడియేషన్, ఎంత, ఎప్పుడు అని అడగక తప్పదు.

ఆ వారంలో నాకు ఎక్కువ పనికొచ్చింది జర్మనీ సొంత కథే. తూర్పు జర్మనీలో, సాక్సనీ, తురింగియా ప్రాంతాల్లో, సోవియట్ బాంబుల కోసం యురేనియం తవ్విన సంస్థ పేరు విస్మూట్. విస్మూట్ అంటే బిస్మత్. యురేనియం మాట బయటికి రాకుండా పెట్టిన దొంగ పేరు! తొలి ఏళ్ళలో గాలి ఆడని సొరంగాల్లో, పొడి దుమ్ములో డ్రిల్లింగు చేయించారు. 1990లో తవ్వకం ఆగాక పాత రికార్డులు తీసి, దాదాపు 59,000 మంది కార్మికులు ఎవరు ఎక్కడ ఎన్నేళ్ళు పనిచేశారో, ఎంత రాడాన్ పీల్చారో, దేనితో చనిపోయారో కలిపి చూశారు. రాడాన్ పెరిగిన కొద్దీ ఊపిరితిత్తుల క్యాన్సర్ పెరిగిందని అనుమానం లేకుండా తేలింది. ఎంతోమంది కుటుంబాలకి పరిహారం వచ్చింది. చర్చ అయ్యాక నాతో కాఫీ తాగిన ఒక ముసలాయన పాత విస్మూట్ కార్మికుడే. తనని ఇప్పటికీ పరీక్షలకి పిలుస్తున్నారనీ, ఆ పిలుపు ఉత్తరాలన్నీ ఫైలులో దాచుకున్నాననీ చెప్పాడు. "మీ ఊళ్ళో కార్మికుల దగ్గర ఏం కాగితాలుంటాయి?" అని అడిగాడు.

కడప జిల్లా తుమ్మలపల్లెలో 2012 నించి యురేనియం తీస్తున్నారు. నల్లమలలో వద్దని 2019లో తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది. ఈ గొడవలు వచ్చినప్పుడల్లా మనవాళ్ళు ఫొటోలు పంపిస్తారు. నేను మాత్రం ఆ ముసలాయన అడిగిందే అడుగుతున్నాను. తుమ్మలపల్లెలో సొరంగంలోకి దిగే ఒక్కొక్క మనిషికీ ఎంత డోసు తగిలింది, ఉద్యోగం మానేశాక అతన్ని ఎవరు పరీక్షిస్తారు, ఆ కాగితం అతని ఇంట్లో ఉందా?