కోఠీ నుంచి చార్మినార్ దాకా ఒక కెమేరా

హైదరాబాదులో ఏ వస్తువు ఎక్కడ దొరుకుతుందో తెలియకపోతే ముందు కోఠీకి వెళ్ళి అడగమంటారు. ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెంటు కాపురమున్న కోఠీ, అంటే పెద్ద భవంతి, అక్కడ ఉండబట్టి ఆ పేటకు ఆ పేరు వచ్చింది. భవంతి ఇప్పటికీ ఉంది; ఆడపిల్లల చదువులకు నెలవైంది. దాని చుట్టూ పెరిగిన బజారులో మాత్రం సందుకొక సరుకు. గుజరాతీ గల్లీ అనే సందులోకి తిరిగామంటే స్పీకర్లు, తీగచుట్టలు, ఇళ్ళకు కాపలా కాసే నిఘా కెమేరాలు, వాటి నడుమ మనం వెతుక్కుంటూ వచ్చిన ఫోటో కెమేరాలు. అద్దాల బల్లల మీద నల్లటి లెన్సులు వరుసగా కూచుని వచ్చేపోయేవాళ్ళను చూస్తుంటాయి. భుజాన సంచీ వేసుకున్న పెళ్ళి ఫోటోగ్రాఫరు ఒకరు పాతది ఇచ్చి కొత్తది పుచ్చుకోవడానికి గంటసేపటి నుంచి బేరమాడుతుంటాడు. చాయ్ కుర్రవాడు అందరి మోచేతుల కిందనుంచి దూరిపోతుంటాడు.

జేబులో ఫోను ఉండగా ఈ రోజుల్లో డి.ఎస్.ఎల్.ఆర్. కొనేవాళ్ళు ఇంకా ఉన్నారా అని మీరడగవచ్చు. ఉన్నారు, పైగా కొనడానికి ఇది మంచి సమయం కూడాను. ఈ కెమేరా కడుపులో ఏటవాలుగా ఒక అద్దం నిలబడి ఉంటుంది. లెన్సులోంచి వచ్చిన వెలుతురును అది పైకి మళ్ళించి మన కంటికి చూపిస్తుంది. మీట నొక్కగానే అద్దం టక్కున పైకి లేస్తుంది, వెలుతురు వెనకనున్న సెన్సరు మీద పడుతుంది. ఆ సెన్సరు మామూలు రకాల్లో దాదాపు 24 మిల్లీమీటర్ల పొడవు, 16 మిల్లీమీటర్ల వెడల్పు. ఫోనులోని దానికన్నా చాలా పెద్దది. అయితే కంపెనీలు ఇప్పుడు మిర్రర్‌లెస్ అనే అద్దం లేని కెమేరాల మీద పడ్డాయి. నికాన్ వారు 2020 తర్వాత కొత్త డి.ఎస్.ఎల్.ఆర్. నమూనా ఒక్కటీ విడుదల చేయలేదు. కెమేరాతో బతికేవాళ్ళు కొత్తవాటికి మారుతూ పాతవాటిని ఇలాంటి గల్లీల్లో దింపేస్తున్నారు. కంపెనీలకు అస్తమయమైతే అయిందిగాని, నెలజీతాల ఇళ్ళవాళ్ళకు మాత్రం అందని వస్తువు అందుబాటులోకి వచ్చింది. లెన్సులకూ కొదవ లేదు. నికాన్ వారి లెన్సు బిగింపు 1959 నాటిది, కానన్ వారిది 1987 నాటిది. అప్పటినుంచి తయారైన లెన్సులన్నీ చేతులు మారుతూనే ఉన్నాయి. కొన్నిటికి పేచీలు లేకపోలేదు. ఆ సంగతి ముందు వస్తుంది.

మా పక్కింటి అమ్మాయి డిగ్రీ మూడో సంవత్సరం చదువుతున్నది. పిల్లలకు ట్యూషన్లు చెప్పి 30,000 రూపాయలు కూడబెట్టింది. వాళ్ళ తాతగారిది భూదాన్ పోచంపల్లి. 1951లో వినోబా భావే వచ్చిన దగ్గరినుంచి ఆ ఊరి పేరుకు ముందు ఆ భూదాన్ అనే మాట చేరింది. నూలుకు ముందే ముడులు కట్టి, రంగులద్ది, ఆ తర్వాత నేసే చీరలకు ఆ ఊరు పెట్టింది పేరు.

"తాత ఈ దసరాకు మగ్గం దించేస్తనంటున్నడు బాబాయ్. కండ్లు ఆనుతలేవట. ఇంట్ల ఇంకెవరూ నేస్తలేరు. ఆ లోపలనే ఫోటోలు తీసి పెట్టుకోవాలె" అన్నది.

"ఫోను ఉంది కదమ్మా?"

"తీసిన. చేతులు మసక మసక వస్తున్నయి."

రాక ఏమవుతుంది! గుంట మగ్గం వేసిన గదికి ఒక్కటే కిటికీ. నాడె విసిరే చెయ్యి నిలవదు. చీకటి గది, కదిలే చెయ్యి. ఈ రెండు ముక్కలు చెవిని పడగానే ఆమెకు కావలసినది ఏమిటో సగం తేలిపోయింది. కెమేరా కొనబోయేవాళ్ళు చాలామంది ఎన్ని మెగాపిక్సెళ్ళని అడుగుతారుగాని, తాము తీయబోయేది ఏమిటని తమను తాము అడుక్కోరు.

మొదటి దుకాణంలో చురుకైన కుర్రవాడు ఒకడు మమ్మల్ని కూచోబెట్టి, ఒక బాడీ, రెండు లెన్సులు, సంచీ, ట్రైపాడు మా ముందు పేర్చాడు. అన్నీ కలిపి 38,000 అన్నాడు. "300 దాకా జూమ్ ఉందమ్మా. చంద్రుడు కూడా దగ్గరికొస్తాడు" అన్నాడు. మగ్గం గదిలోకి చంద్రుణ్ణి తెచ్చుకుని ఈ పిల్ల ఏం చేసుకుంటుంది? లేచి వచ్చేశాము.

రెండో దుకాణం పెద్దమనిషిది. ఆయన బేరానికి ముందు, "ఏం తీస్తవు బేటీ?" అని అడిగాడు. విని, 2013లో వచ్చిన నికాన్ డి5300 ఒకటి తీసి బల్లమీద పెట్టాడు. 18-55 లెన్సుతో కలిపి 17,500. పక్కనే 50 మిల్లీమీటర్ల పాత లెన్సు ఒకటి చాలా చవకగా కనబడితే మా అమ్మాయి చెయ్యి అటు పోయింది. ఆయనే వారించాడు. "ఆ లెన్సుల మోటారు లేదు, ఈ బాడీలనూ లేదు. ఫోకస్ ఎవరు తిప్పాలె? నువ్వే తిప్పాలె!" నేను చెప్పిన పేచీ ఇదే. నికాన్‌లో 3000, 5000 వరుసల చిన్న బాడీలకు లోపల మోటారు ఉండదు. 7000 వరుసలో ఉంటుంది. కాబట్టి చిన్న బాడీకి, మోటారు తనలోనే ఉన్న ఏఎఫ్-ఎస్ రకం లెన్సు తీసుకోవాలి. ఈ ముక్క తెలియక చవక లెన్సు కొని, దానికోసం ఖరీదైన బాడీ వెతుక్కునేవాళ్ళు ఉంటారు.

ఆయన చూపించినది 35 మిల్లీమీటర్ల ఏఎఫ్-ఎస్ లెన్సు, ఎఫ్ 1.8. ధర 8,500. దీనికి జూమ్ లేదు. దగ్గరికి కావాలంటే మనమే నడవాలి. మరి దీని గొప్పేమిటంటే నోరు పెద్దది. 18-55 లెన్సును 35 దగ్గర పెడితే అది ఎఫ్ 4.5 దరిదాపుల్లో ఆగిపోతుంది. ఎఫ్ 1.8 లెన్సు అంతకు ఆరు రెట్ల వెలుతురు లోపలికి తెస్తుంది. అంటే సెకనులో పదిహేనో వంతు తెరిచి ఉంచవలసిన చోట తొంభయ్యో వంతు చాలు. నాడె విసిరే చెయ్యి మసకబారడానికీ నిలబడడానికీ తేడా అక్కడే ఉంది. చేతివణుకును ఆపే ఏర్పాటు తన లెన్సులో ఉందని మొదటి దుకాణం కుర్రవాడు చెప్పాడు, నిజమే. కాని అది మన వణుకును ఆపుతుందేగాని తాతగారి చేతిని ఆపదు.

ఇంతా విన్నాక కూడా మా అమ్మాయికి 55-200 జూమ్ మీద మనసు పీకుతూనే ఉంది. అప్పుడాయన ఒక మంచి ఉపాయం చెప్పాడు. బాడీ, మూడు లెన్సులు ఒక్కరోజుకు అద్దెకిస్తానన్నాడు. అద్దె 800. కొంటే ఆ 800 ధరలో తగ్గిస్తానన్నాడు. గుర్తింపు కార్డు, కొంత సొమ్ము ఆయన దగ్గర ఉంచి, సంచీ తగిలించుకుని, పుత్లీబౌలి మీదుగా అఫ్జల్‌గంజ్ వైపు నడక సాగించాము. చార్మినారుకు కాలినడకన అరగంట, ముప్పావుగంట దారి. ఫోటోలు తీసుకుంటూ వెళితే ఒక పూట.

నయాపూల్ మీద నిలబడితే మూసీకి ఒక గట్టున ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం, అవతలి గట్టున హైకోర్టు గుమ్మటాలు. రెండిటి రూపకర్తా విన్సెంట్ ఎష్ అనే ఇంగ్లీషువాడే. ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరులో మూసీ ఊరిమీద పడ్డప్పుడు దాని కొమ్మలెక్కి నూటయాభైమంది దాకా బతికారని చెబుతారు. ఇప్పుడు వంతెన కింద చూస్తే ఆ నది ఇదేనా అనిపిస్తుంది.

పొడుగు లెన్సు ఇక్కడ తన ప్రతాపం చూపించింది. గుమ్మటం మీది కలశం అరచేతిలోకి వచ్చింది. కాని మొదటి నాలుగు ఫోటోలూ కదిలిపోయాయి. 200 దగ్గర పెట్టినప్పుడు సెకనులో మూడువందలో వంతుకన్నా నెమ్మదిగా తీస్తే చేతివణుకు కనబడుతుంది. వేగం పెంచాక బాగానే వచ్చాయి. నేలపట్టులో గూడకొంగల్ని, పులికాట్‌లో ఎర్రటి రాజహంసల్ని తీయాలనుకునేవారు వేరే మాట లేకుండా పొడుగు లెన్సే కొనుక్కోవాలి. 300 కూడా వాళ్ళకు చాలదు. మా అమ్మాయి గుమ్మటాలు రెండు, మూసీ మీద తిరిగే గద్ద ఒకటి తీసి, ఆ లెన్సును సంచీలో పెట్టేసింది.

పత్తర్‌గట్టీ రాతి కమానుల కిందికి వచ్చేసరికి నీడ చిక్కబడింది. అత్తరు సీసాలు, పెళ్ళి బట్టలు, బేరాలు. ఇక్కడ 18-55 దివ్యంగా పనిచేసింది. చాలామంది దీన్ని 'కిట్ లెన్సు' అని చిన్నచూపు చూస్తారు. నా మటుకు నాకు పగటివేళ ఇంతకన్నా ఉపకారి కనబడలేదు. వెడల్పు వీధి కావాలంటే 18, ఎదురుగా నిలబడ్డ మనిషి ముఖం కావాలంటే 55. మొదటి ఏడాది దీన్ని అమ్ముకోవద్దు.

1591 నాటి చార్మినారు పాదాల దగ్గర నిలబడి 18తో తీసినా నాలుగు మినార్లూ పట్టలేదు. పట్టినవి వెనక్కి పడిపోతున్నట్టు వాలిపోయాయి. ఇంకా వెడల్పు లెన్సు కావాలేమో అన్నది అమ్మాయి. అక్కరలేదమ్మా అని గుల్జార్ హౌజ్ దాకా వెనక్కి తీసుకుపోయాను. అక్కడినుంచి కట్టడం మొత్తం నిటారుగా వచ్చింది. ఆ లెన్సు డబ్బులు అలా మిగిలాయి.

దీపాలు పెట్టే వేళకు లాడ్ బజారులోకి దిగాము. లక్క గాజుల మీద రాళ్ళు పొదిగి, వాటి మీద బల్బులు వెలిగిస్తే కన్ను ఎక్కడ నిలపాలో తెలియదు. ఇక్కడ 18-55 అలసిపోయింది; గాజులు తొడిగే ఆమె వేళ్ళు చెదిరిపోయాయి. 35 బిగించగానే గాజు, వేలు, రాయి మెరుపు స్పష్టంగా నిలిచాయి. ఆమెను అడిగే తీశాము. తీసినది చూపిస్తే నవ్వి, ఇంకో చేతికీ తొడిగి చూపించింది. రెండు ఇబ్బందులు మాత్రం ఎదురయ్యాయి. ఎఫ్ 1.8 దగ్గర కన్ను తేటగా ఉంటే చెవి మసకబారుతుంది. కాస్త బిగించి 2.8కి తేవాలి. రెండోది, ఎల్.ఇ.డి. బల్బుల కింద కొన్ని ఫోటోల్లో నల్లటి చారలు పడ్డాయి. మన కరెంటుకు ఆ దీపాలు సెకనుకు వందసార్లు మినుకుమంటాయి, మన కంటికి తెలియదు. వేగాన్ని సరిగ్గా నూరో వంతుకు పెట్టగానే చారలు పోయాయి.

రాత్రి ఇంట్లో లెక్క చూశాము. ఏ ఫోటో ఏ లెన్సుతో తీసినదీ కెమేరాయే రాసిపెడుతుంది. మొత్తం 312. అందులో పొడుగు లెన్సుతో తీసినవి 21. ఆ కాగితం చూశాక పొడుగు లెన్సు మాట ఆమె మళ్ళీ ఎత్తలేదు.

మర్నాడు కొనేముందు పెద్దమనిషి ఎదుటే పరీక్షలు చేశాము. ఆయన ఏమీ అనుకోలేదు. అనుకునే దుకాణదారైతే అక్కడ కొనకపోవడమే మంచిది. లెన్సులోకి టార్చి వేసి చూస్తే సాలెగూడులాంటి పోగులు కనబడకూడదు. అది బూజు. మన ఉక్కపోతకు, ముఖ్యంగా విశాఖ, కాకినాడ వంటి సముద్రపు ఊళ్ళలో, తొందరగా పడుతుంది. పక్క లెన్సుకూ పట్టవచ్చు. ఎఫ్ 16 దగ్గర తెల్లగోడను తీస్తే సెన్సరు మీది దుమ్ము చుక్కలుగా బయటపడుతుంది. దుమ్ము తుడిపించుకోవచ్చు, గీతలు పోవు. షట్టరు ఎన్నిసార్లు కొట్టుకున్నదో నికాన్ ఫోటోలోనే దాగి ఉంటుంది, కంప్యూటరులో తెలుస్తుంది. ఈ తరగతి బాడీలకు లక్ష దాకా ఆయువు అని అంచనా. మేం చూసినది 19,000 దాటింది. పెళ్ళిళ్ళు తిరిగిన కెమేరా కాదన్నమాట.

బాడీ, 18-55 కలిపి 16,500కు, 35 లెన్సు 8,000కు దిగాయి. అద్దె పోను 23,700 చెల్లించాము. మెమరీ కార్డు, ఇంకో బ్యాటరీ 2,300. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, అందులో వేయడానికి తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు 500. బిల్లు మీద బాడీ నంబరు, లెన్సు నంబరు రాయించుకున్నాము. అద్దె కూడా కలుపుకుంటే 2,700 మిగిలింది. సంచీ కొనలేదు, వాళ్ళమ్మ పాత దుప్పటితో లోపల మెత్త కుట్టి ఒకటి తయారుచేసింది.

మొన్న ఆదివారం పోచంపల్లి నుంచి ఫోను చేసింది. పొద్దున ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా కిటికీ వెలుతురు సరిగ్గా మగ్గం మీద పడుతోందట. ఎఫ్ 2.8, సెకనులో నూట ఇరవై అయిదో వంతు, ఐ.ఎస్.ఓ. 1600, చెయ్యి నిలిచిందట, నాడె నిలిచిందట.

"తాత చూసిండా?" అన్నాను, ఆమె మాటలోనే.

"చూసిండు. నా మొకం ఎందుకే, చీర అంచు సక్కగ తియ్యి అన్నడు బాబాయ్. మళ్ళ రేపు పొద్దుగాల కూసుంటా అంటున్నడు."