నాపరాయి దారి

సముద్రం ఒడ్డునున్న కొత్తపట్నంలో తవ్వితే దొరికేది ఇసుకే. ఇళ్లలో పరిచిన నాపరాయి పల్నాడు నుంచో, బేతంచెర్ల నుంచో రావాలి. ఎండాకాలం మధ్యాహ్నం పాదానికి చల్లగా తగిలే ఆ బూడిదరంగు బండ, ఏనాటిదో ఒక సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురద. అంటే ఈ సముద్రం ఒడ్డున ఉంటూ అంతకంటే పాత సముద్రం మీద నడుస్తున్నామన్నమాట. ఆ రాయి సంగతి తెలియాలంటే అది పుట్టిన నేల మీద నడవాలి. వాన నీరు సున్నపురాయిని కరిగించుకుంటూ పోతే పిడుగురాళ్ల దగ్గర గుత్తికొండ బిలం ఏర్పడింది. 3,229 మీటర్ల బెలుం గుహలూ అలా ఏర్పడినవే. అమరావతి శిల్పులు బుద్ధుడి కథలు చెక్కిందీ పల్నాటి సున్నపురాయి మీదే.

కొండలంటే అరకులో చూడాలి గానీ పల్నాటి బోడి గుట్టల్లో ఏముందని అడగొచ్చు. పచ్చదనం కంటికి హాయే, కానీ అది రాతిని కప్పేస్తుంది. ఇక్కడ పొర మీద పొర కళ్లెదుటే ఉంటుంది. కారులో వెళ్తే చాలదా అంటే, ఆ పొరల మధ్య చెమ్మ, పగుళ్లలో మొలిచిన గడ్డి కారు అద్దంలోంచి కనబడవు. ఎండ మాట నిజమే. అందుకే సంక్రాంతి రోజుల్లో, పొద్దున్నే, నీళ్ల సీసాతో బయల్దేరండి.